కార్డు బిగించడం నుంచి వాయిస్‌మెయిల్ వినిపించే దాకా: డీక్యాప్‌కి నా ప్రిపరేషన్ అనుభవాలు

హాయ్ ఫ్రెండ్స్. డీక్యాప్‌కి, అంటే డిజియం సర్టిఫైడ్ అస్టెరిస్క్ ప్రొఫెషనల్ పరీక్షకి (అస్టెరిస్క్ అంటే మామూలు కంప్యూటర్‌ని టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లా పనిచేయించే సాఫ్ట్‌వేర్, డిజియం దాన్ని తయారుచేసిన కంపెనీ) ప్రిపేరయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. డయల్‌ప్లాన్ (ఏ కాల్ ఎటు పోవాలో రాసే ఫైలు) వచ్చేస్తోంది అన్నా, సిప్ ఫోన్లు (నెట్‌వర్క్ మీద నడిచేవి) రిజిస్టర్ అవుతున్నాయి, కానీ కార్డు (టెలిఫోన్ లైన్లని కంప్యూటర్‌కి కలిపే బోర్డు) దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆడటం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. నాకూ సరిగ్గా అక్కడే భయం ఉండేది. అందుకే మిగతా సిలబస్ జోలికి పోకుండా కార్డు బిగించి, దాని మీద వచ్చిన కాల్‌ని వాయిస్‌మెయిల్ దాకా తీసుకెళ్లడం ఎలా నేర్చుకున్నానో అదే రాస్తాను.

నేను డిప్లొమా ఈసీఈ చదివి హైదరాబాద్‌లో ఈపీఏబీఎక్స్ (ఆఫీసుల్లో ఉండే సొంత టెలిఫోన్ ఎక్స్ఛేంజ్) సర్వీసింగ్‌లో చేరాను. క్రోన్ బాక్సులో (టెలిఫోన్ వైర్లు కలిపే పెట్టె) లైన్లు పంచ్ చేయడం, ఎక్స్‌టెన్షన్ పోయిందంటే టెస్ట్ ఫోన్ పట్టుకుని పరిగెత్తడం, ఇదే పని. లైనక్స్ అసలు తెలియదు. 2012లో ఉద్యోగం చేసుకుంటూనే మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని ప్రిపేరయ్యాను. అప్పుడు నేను వాడింది అస్టెరిస్క్ 1.8, దాని కింద లైనక్స్‌లో ఒక రకమైన సెంట్‌ఓఎస్ 5. పరీక్షలో థియరీ ఒక భాగం, ప్రాక్టికల్ ఒక భాగం. లోపల ఏం అడిగారో మాత్రం చెప్పను, దయచేసి అడగొద్దు, అది మనం చేసే పనికి మనమే ఇచ్చుకునే గౌరవం. ప్రాక్టీస్ ఎలా చేశానో ఎంతైనా చెబుతాను.

మొదటి నెల అంతా పీడీఎఫ్‌లు చదువుతూ గడిపేశాను. చదివినప్పుడు అంతా అర్థమైనట్టే ఉండేది, పుస్తకం మూసేస్తే ఏమీ గుర్తుండేది కాదు. ఇలా కాదని ఒక ఆదివారం కంప్యూటర్ల మార్కెట్ అయిన సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి, రెండు మూడు అంతస్తులు తిరిగి, సెకండ్ హ్యాండ్‌లో ఒక టీడీఎం 400పీ కార్డు, దానికి ఒక పాత పెంటియం 4 డబ్బా కొన్నాను. కార్డు మీద నాలుగు మాడ్యూళ్లకు చోటుంటుంది. నాకు దొరికిన దాంట్లో రెండు పచ్చవి, ఒక ఎర్రది ఉన్నాయి. పచ్చది ఎఫ్‌ఎక్స్‌ఎస్, అంటే మామూలు ఫోన్ పెట్టుకునేది. ఎర్రది ఎఫ్‌ఎక్స్‌ఓ, అంటే ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే లైన్ పెట్టుకునేది. ఈ రంగులు ఈ క్షణమే గుర్తుపెట్టేసుకోండి, ఎందుకంటే బయటి టెలిఫోన్ లైన్ తీసుకొచ్చి పచ్చ పోర్టులో గుచ్చితే రింగ్ వోల్టేజ్‌కి మాడ్యూల్ పోయే ప్రమాదం ఉంది.

ఈ ఎఫ్‌ఎక్స్‌ఎస్, ఎఫ్‌ఎక్స్‌ఓ దగ్గర తికమకపడని వాళ్లని నేనింతవరకు చూడలేదు. నేను పెట్టుకున్న గుర్తు ఇది: ఎఫ్‌ఎక్స్‌ఎస్ ఇచ్చే చెయ్యి, ఎఫ్‌ఎక్స్‌ఓ పుచ్చుకునే చెయ్యి. డయల్ టోన్, లైన్ కరెంటు, రింగ్, ఇవన్నీ ఇచ్చేది ఎఫ్‌ఎక్స్‌ఎస్, పుచ్చుకునేది ఎఫ్‌ఎక్స్‌ఓ. ఇంతవరకు బాగానే ఉంటుంది, ఆ తర్వాత కాన్ఫిగరేషన్ ఫైలు తెరిస్తే అంతా తలకిందులవుతుంది, ఎర్ర మాడ్యూల్‌కి ఎఫ్‌ఎక్స్‌ఎస్ సిగ్నలింగ్ అని, పచ్చ మాడ్యూల్‌కి ఎఫ్‌ఎక్స్‌ఓ సిగ్నలింగ్ అని రాయాలి. ఉత్తరం కవరు మీద మన పేరు కాకుండా అందుకునేవాళ్ల పేరు రాస్తాం కదా, అలా అనుకోండి. పోర్టు అవతల ఎవరున్నారో వాళ్ల పేరుతో సిగ్నలింగ్ రాస్తాం. నా కార్డులో 1, 2 పచ్చవి, 4 ఎర్రది కాబట్టి డ్రైవర్ సెట్టింగులుండే సిస్టమ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఎఫ్‌ఎక్స్‌ఓకేఎస్ (చివర కేఎస్ అంటే సిగ్నలింగ్ రకం) ఈక్వల్స్ 1-2, ఎఫ్‌ఎక్స్‌ఎస్‌కేఎస్ ఈక్వల్స్ 4 అని రాశాను. కింద లోడ్‌జోన్, డిఫాల్ట్‌జోన్ రెండూ ‘ఇన్’ అని పెట్టాలి, మన దేశం టోన్లు రావాలంటే.

ఇక మొదటిసారి బిగించిన రాత్రి సంగతి. ప్లగ్ పీకేసి, క్యాబినెట్ ఇనుము పట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకుని, కార్డుని పీసీఐ స్లాట్‌లో రెండు చివరలా సమానంగా నొక్కి, స్క్రూ బిగించి ఆన్ చేశాను. ఎల్ఎస్‌పీసీఐ (పీసీఐ కార్డుల జాబితా చూపే కమాండ్) కొడితే డిజియం అన్న పేరే లేదు. కార్డు పాడైపోయింది, డబ్బులు పోయాయి అనుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అసలు విషయం ఏంటంటే టీడీఎం 400పీ మీద ఉండే పీసీఐ చిప్ టైగర్ జెట్ వాళ్లది, అందుకని లిస్టులో టైగర్ 3ఎక్స్‌ఎక్స్ అని కనిపిస్తుంది, అదే మన కార్డు.

సరే, డ్రైవర్ లోడ్ చేశాను, ఎర్ర మాడ్యూల్ వచ్చింది, పచ్చవి రెండూ రాలేదు. డీమెసేజ్‌లో (కెర్నల్ రాసే సందేశాలు) చూస్తే మాడ్యూల్ పవర్ అందుకోలేదని, ఆ కిందే, హార్డ్‌డిస్క్ పవర్ కేబుల్ పెట్టడం గుర్తుందా అని పెద్దక్షరాల్లో ప్రశ్న! డ్రైవర్ రాసినవాళ్లు ఎంతమంది ఈ తప్పు చేయడం చూసి ఉంటే దాన్ని డ్రైవర్‌లోనే రాసి ఉంటారో ఆలోచించండి. ఇచ్చే చెయ్యి అని చెప్పాను కదా, ఫోన్‌కి కరెంటు, రింగ్ ఇవ్వాలంటే దానికి ముందు ఎక్కడి నుంచో రావాలి, పీసీఐ స్లాట్ నుంచి వచ్చేది చాలదు, అందుకే ఎస్ఎంపీఎస్ నుంచి హార్డ్‌డిస్క్‌కి పెట్టే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ ఈ కార్డుకి కూడా పెట్టాలి. పుచ్చుకునే ఎర్ర మాడ్యూల్‌కి ఆ అవసరం లేదు, అందుకే అది ఒక్కటే వచ్చింది. ఆ రాత్రి నాకు ఎఫ్‌ఎక్స్‌ఎస్, ఎఫ్‌ఎక్స్‌ఓ తేడా ఎంత బాగా అర్థమైందంటే మళ్లీ జన్మలో మర్చిపోను.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను, మీకు కూడా గట్టిగా చెప్పేది ఇదే: కింద నుంచి పైకి రండి. ఫోన్ మోగకపోతే డయల్‌ప్లాన్ తెరిచి కామాలు వెతకడం ఆపేయండి. ముందు కార్డు మదర్‌బోర్డుకి కనిపిస్తోందా (ఎల్ఎస్‌పీసీఐ), తర్వాత డ్రైవర్ దాన్ని పట్టుకుందా (డాహ్డీ అంటే ఈ కార్డుల డ్రైవర్లు, చూసే కమాండ్లు డాహ్డీ హార్డ్‌వేర్, డీమెసేజ్), తర్వాత చానళ్లు కాన్ఫిగర్ అయ్యాయా (డాహ్డీ సీఎఫ్‌జీ మైనస్ వీవీ), తర్వాత అవి అస్టెరిస్క్‌కి కనిపిస్తున్నాయా (కన్సోల్‌లో డాహ్డీ షో చానల్స్), ఇవన్నీ అయ్యాకే డయల్‌ప్లాన్, ఆఖరున వాయిస్‌మెయిల్. ఒక మెట్టు సరిగ్గా ఉందని కళ్లతో చూశాకే పై మెట్టు ఎక్కాలి. ప్రాక్టికల్‌లో టైమ్ తినేసేది తెలియకపోవడం కాదు, టెన్షన్‌లో పైమెట్టు మీద నిలబడి కిందిమెట్టు తప్పు వెతకడం.

ఇన్‌స్టాలేషన్ వరుస కూడా కంఠతా ఉండాలి. ముందు డాహ్డీ లైనక్స్, డాహ్డీ టూల్స్, తర్వాత లిబ్‌పీఆర్‌ఐ (డిజిటల్ లైన్ల సిగ్నలింగ్ లైబ్రరీ), ఆ తర్వాతే అస్టెరిస్క్. మీరు అస్టెరిస్క్‌ని ముందు కంపైల్ చేసేస్తే, దాన్ని కార్డుకి కలిపే చాన్ డాహ్డీ మాడ్యూల్ తయారే కాదు. ఇంకొకటి, డాహ్డీ డ్రైవర్లు కెర్నల్ మాడ్యూళ్లు కాబట్టి, నడుస్తున్న కెర్నల్ వెర్షన్, కెర్నల్ డెవెల్ ప్యాకేజీ వెర్షన్ ఒకటే ఉండాలి. యమ్ అప్‌డేట్ కొట్టి రీబూట్ చేయకుండా కంపైల్‌కి కూర్చున్నానొకసారి, ఒక సాయంత్రం మొత్తం పోయింది.

చాన్ డాహ్డీ డాట్ కాన్ఫ్ గురించి రెండే రెండు మాటలు, కానీ చాలా ముఖ్యం. సిస్టమ్ డాట్ కాన్ఫ్‌లో ఎఫ్‌ఎక్స్‌ఎస్‌కేఎస్ అని కలిపి రాస్తాం, ఇక్కడ ఎఫ్‌ఎక్స్‌ఎస్ అండర్‌స్కోర్ కేఎస్ అని రాయాలి. రెండోది, ఈ ఫైలుని అస్టెరిస్క్ పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, ‘చానల్’ అన్న లైన్ తగలగానే అప్పటిదాకా చదివిన సెట్టింగులన్నీ ఆ చానల్‌కి అంటిస్తుంది. అంటే సిగ్నలింగ్, కాంటెక్స్ట్ (డయల్‌ప్లాన్‌లో కాల్ వెళ్లే భాగం), మెయిల్‌బాక్స్ అన్నీ చానల్ లైన్‌కి పైన ఉండాలి, కింద రాస్తే తర్వాతి చానల్‌కి పోతాయి. నేను బయటి లైన్‌కి పెట్టిన సెట్టింగులు మార్చకుండా కింద ఎక్స్‌టెన్షన్లు రాసి, లోపలి ఫోన్ ఎత్తితే ఎందుకు సరిగ్గా పనిచేయట్లేదో తెలియక తెల్లారిపోయిన రోజుంది.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన సంఘటన. రూమ్‌లో ఉన్న ల్యాండ్‌లైన్‌ని ఎర్ర పోర్టుకి పెట్టి, ఎవరైనా చేస్తే 1001 ఎక్స్‌టెన్షన్ 20 సెకన్లు మోగాలి, ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌కి వెళ్లాలి అని రాసుకున్నాను. తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్న ఫోన్ చేశారు, నేను డ్యూటీలో ఉన్నాను. రాత్రి వచ్చి వింటే మొదటి మెసేజ్ ఆయనదే. "ఏరా, ఎత్తట్లేదేంటి... సరే, ధాన్యం అమ్మేశాం, ఆదివారం వస్తావేమో అని మీ అమ్మ అడగమంది." అంతే, పది పన్నెండు సెకన్లు. కానీ ఫైలు మాత్రం మూడు నిమిషాలుంది! మిగతా అంతా బీప్... బీప్... బీప్. నాన్న ఫోన్ పెట్టేసినా ఆ సంగతి కార్డుకి తెలియలేదు. లైన్ మీద బిజీ టోన్ వస్తుంటే వాయిస్‌మెయిల్ దాన్నే శ్రద్ధగా రికార్డ్ చేసి, నేను మ్యాక్స్‌సెక్స్ (మెసేజ్ ఎక్కువలో ఎక్కువ ఎన్ని సెకన్లో) 180 పెట్టాను కాబట్టి అక్కడ ఆగింది. అది పెట్టకపోతే ఎప్పటికి ఆగేదో, అంతసేపూ లైన్ ఎంగేజే.

మొదట మ్యాక్స్‌సైలెన్స్ (ఇన్ని సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే రికార్డింగ్ ఆపే సెట్టింగ్) తగ్గించి చూశాను, లాభం లేదు. ఆలోచిస్తే తెలుస్తుంది, బిజీ టోన్ శబ్దం కదా, నిశ్శబ్దం కాదు, మ్యాక్స్‌సైలెన్స్ ఏం చేస్తుంది? పరిష్కారం చాన్ డాహ్డీలో ఉంది. బిజీడిటెక్ట్ యెస్ (బిజీ టోన్ గుర్తుపట్టి లైన్ కట్ చేయమని), బిజీకౌంట్ 4 (ఎన్ని బీప్‌లకి), బిజీప్యాటర్న్ 750,750. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోగి 750 మిల్లీసెకన్లు ఆగుతుంది, అస్టెరిస్క్ ఇండికేషన్స్ ఫైల్లో ‘ఇన్’ కింద ఇదే ఉంటుంది. కౌంట్ మరీ తగ్గిస్తే మాట్లాడుతుండగానే కట్ అయిపోతుంది, పెంచితే బీప్‌లు ఎక్కువ రికార్డ్ అవుతాయి, 4 దగ్గర నాకు కుదిరింది. అలాగే కాలర్ ఐడీ రాకపోతే సీఐడీ సిగ్నలింగ్ డీటీఎంఎఫ్ అని, సీఐడీ స్టార్ట్ పొలారిటీ అండర్‌స్కోర్ ఇన్ అని పెట్టి చూడండి, ఆ ‘ఇన్’ ఇండియా కోసమే పెట్టింది, మా లైన్‌కి దాంతోనే నంబర్ వచ్చింది.

వాయిస్‌మెయిల్ ఫైలు చూడటానికి సులువు కాబట్టి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మిన్‌సెక్స్ (మెసేజ్ కనీసం ఎన్ని సెకన్లుండాలో) కంటే మ్యాక్స్‌సైలెన్స్ తక్కువ ఉండాలి, లేదంటే ఖాళీ మెసేజ్‌లు సేవ్ అవుతాయి, ఈ సంబంధం గుర్తుంచుకోండి. మెసేజ్‌లు వార్, స్పూల్, అస్టెరిస్క్, వాయిస్‌మెయిల్ ఫోల్డర్ కింద కాంటెక్స్ట్ పేరు, మెయిల్‌బాక్స్ నంబరు, ఇన్‌బాక్స్ అన్న వరుసలో ఉంటాయి. మొదటి మెసేజ్ నంబరు 1 కాదు, 0000. పక్కనే ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది, ఎవరు చేశారో, ఎన్ని సెకన్లో అందులో చూడొచ్చు, ఏదైనా తేడా వస్తే ముందు దాన్నే తెరవండి. చానల్ లైన్‌కి పైన మెయిల్‌బాక్స్ 1001 అని రాస్తే, కొత్త మెసేజ్ ఉన్నప్పుడు ఆ ఫోన్ ఎత్తగానే డయల్ టోన్ తెగి తెగి వినిపిస్తుంది. చిన్న విషయమే, కానీ కార్డు నుంచి మెయిల్‌బాక్స్ దాకా దారి మొత్తం కలిసిందని చెప్పే గుర్తు అదే. లైటు లేని మామూలు ఫోన్‌కి అంతకంటే మంచి కబురు లేదు.

డిజిటల్ కార్డులు కొనే స్తోమత నాకు లేదు, వాటిని కాగితం మీదే నేర్చుకున్నాను. ఈ1 అనే డిజిటల్ లైన్‌లో 32 టైమ్‌స్లాట్లు, 0 సింక్‌కి, 16 సిగ్నలింగ్‌కి, మిగిలిన 30 మాటలకి. అమెరికాలో వాడే టీ1లో 24. పాత టీఈ 405పీ 5 వోల్టుల స్లాట్‌కి, టీఈ 410పీ 3.3 వోల్టుల స్లాట్‌కి, టీ1 కావాలో ఈ1 కావాలో వాటి మీద జంపర్లతో చెప్పాలి. రోజూ పడుకునే ముందు ఒక లెక్క వేసుకునేవాణ్ని: రెండు ఈ1 స్పాన్లు (అంటే రెండు లైన్లు) ముందు లోడ్ అయ్యి, తర్వాత నాలుగు పోర్టుల అనలాగ్ కార్డు లోడ్ అయితే ఏ చానల్‌కి ఏ నంబరు? మొదటి స్పాన్‌కి బీచాన్ (మాటల చానళ్లు) 1-15, 17-31, డీచాన్ (సిగ్నలింగ్ చానల్) 16. రెండో దానికి 32-46, 48-62, డీచాన్ 47. అనలాగ్ 63 నుంచి 66. ఇప్పుడు డ్రైవర్ల వరుస తిరగేసి మళ్లీ వేయండి. పది రోజులు చేస్తే చూడగానే చెప్పేస్తారు.

మాటల్లో టకటకమని చప్పుడొస్తే ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైలు చూడండి. ఈ కార్డు సెకనుకి 1000 సార్లు సీపీయూని పిలుస్తుంది, అదే ఐఆర్‌క్యూని (ఆ పిలుపు వెళ్లే లైన్) యూఎస్‌బీనో గ్రాఫిక్సో పంచుకుంటుంటే పిలుపులు తప్పిపోతాయి. కార్డుని వేరే స్లాట్‌లోకి మార్చి డాహ్డీ టెస్ట్ పెట్టండి, 99.98 శాతం పైన నిలకడగా ఉంటే సరే.

2018లో డిజియంని సాంగోమా కంపెనీ కొనేసింది, ఇప్పుడు ఎక్కడ చూసినా సిప్ ట్రంకులే (నెట్‌వర్క్ మీద వచ్చే లైన్లు), ఇంకా కార్డులెందుకన్నా అని కొందరు అంటున్నారు. పాత చాన్ సిప్ మాడ్యూల్‌ని అస్టెరిస్క్ 21లో తీసేశారు, చాన్ డాహ్డీ మాత్రం ఉంది. పాత కాపర్ లైన్లు, వాటి వెనక పాత ఈపీఏబీఎక్స్‌లు నడుస్తున్న చోట పిలిచేది మనల్నే. కార్డు దొరికితే కొనండి, దొరకకపోతే నలుగురు కలిసి ఒకటి కొనండి.

పరీక్ష ముందు రోజు నేను కొత్తది ఏదీ చదవలేదు. హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేసి, ముందే ఓఎస్ ఎక్కించి పెట్టుకుని, కార్డు ఊడదీసి టేబుల్ మీద పెట్టి, గడియారం చూసుకుని మొదలుపెట్టాను. స్లాట్, స్క్రూ, మోలెక్స్, డ్రైవర్, రెండు కాన్ఫ్ ఫైళ్లు, డయల్‌ప్లాన్, మెయిల్‌బాక్స్. సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి చేసి, 20 సెకన్లు మోగనిచ్చి, "పరీక్ష రేపు" అని ఒక ముక్క చెప్పి పెట్టేశాను. టెక్స్ట్ ఫైల్లో నా నంబరు, ఎన్ని సెకన్లో రెండూ ఉన్నాయి. ఫోన్ ఎత్తితే టోన్ తెగి తెగి వినిపించింది. గంటా పది నిమిషాలు పట్టింది, అప్పుడు వెళ్లి పడుకున్నాను.