అమెరికా జాలీ, అనంతపురం ఉడుత

మార్చి

పెరడు పెద్దదేం కాదు. ఒక పక్క కాంపౌండ్ గోడ, దాని మీదికి వాలిన పక్కింటి వేపచెట్టు, ఇంకో పక్క మా జామచెట్టు, పైన కేబుల్ టీవీ వైర్లు. అంటే ఉడుతకు అన్ని వైపుల నుంచీ రోడ్డు వేసి పెట్టినట్టే. పిచ్చుకలకు గింజలు పెట్టడానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ ఫీడరును జామకొమ్మకు నైలాన్ తాడుతో కట్టి, చెనిక్కాయ పప్పులు, సజ్జలు కలిపి పోశాను. ఉడుత తాడు పట్టుకుని తలకిందులుగా దిగి, పప్పులు ఏరుకుని, సజ్జలు కింద పారబోసి పోయేది. తాడు కొరికేస్తే ఫీడరు కింద పడి మూత పగిలింది. తాడు బదులు బైండింగ్ వైరు కట్టాక కొరకడం ఆగింది గానీ దిగడం ఆగలేదు, సన్న వైరు మీద కూడా హాయిగా జారుకుంటూ వస్తుంది.

ఇక నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. దొరికే సలహాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఇంగ్లండ్ వాళ్లవి. అక్కడి బూడిదరంగు ఉడుత అరకిలో దాకా తూగుతుంది. మన చారల ఉడుత వంద గ్రాములు, కొంచెం అటూ ఇటూ. ఈ ఒక్క తేడాతో వాళ్ల సలహాల్లో సగం మనకు పనికిరావు, ఇది ముందే తెలుసుకుంటే మీకు డబ్బు మిగులుతుంది.

ఉదాహరణకు ఫీడరు చుట్టూ జాలీ. ఒకటిన్నర ఇంచు కన్నం ఉంటే చిన్న పిట్టలు లోపలికి పోతాయి, ఉడుత పోలేదు అంటారు. వాళ్ల ఉడుత పోలేదు, నిజమే. మనది దూరిపోతుంది. పిచ్చుక పట్టేంత కన్నంలో మన ఉడుత కూడా పడుతుంది, అంతకన్నా చిన్నది పెడితే పిచ్చుకే రాదు.

రెండోది స్ప్రింగు ఫీడరు. బరువైన జంతువు ఎక్కగానే గింజల కిటికీ మూసుకుంటుంది. మన ఉడుతకు మూసుకునేలా స్ప్రింగు సెట్ చేస్తే గోరింకకూ మూసుకుంటుంది, రామచిలకకూ మూసుకుంటుంది, ఎందుకంటే అవి కూడా ఇంచుమించు అంతే తూగుతాయి. నాలుగు పిచ్చుకలు ఒకేసారి వాలినా మూసుకునే ప్రమాదం ఉంది. ఖరీదు చూస్తే కళ్లు తిరిగాయి, కొనలేదు.

ఏప్రిల్

చెనిక్కాయలు పూర్తిగా మానేశాను. అనంతపురంలో ఉంటూ చెనిక్కాయలు పెట్టకపోవడం ఏంటని ఇంట్లో నవ్వారు. కానీ ఉడుతను అంత దూరం నుంచి లాగేది ఆ పప్పే. ఇంకో కారణం కూడా ఉంది. తేమ తగిలిన చెనిక్కాయకు పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఆ విషం సంగతి ప్రపంచానికి తెలిసిందే 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాక, వాటికి పెట్టిన వేరుశనగ చెక్క వల్ల. అంగట్లో అగ్గువకు దొరికే ఏరివేత చెనిక్కాయలు తెచ్చి పిట్టలకు పోసేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. మనం తిననివి పిట్టలకు మాత్రం ఎందుకు?

ఇప్పుడు పోసేవి పొట్టు తీయని కొర్రలు, కొంచెం సజ్జలు. మా ఊరి పాతూరు అంగళ్లలో విడిగా దొరుకుతాయి. పాలిష్ చేసిన కొర్రబియ్యం వద్దు, పిచ్చుక గింజను ముక్కుతో నలిపి పొట్టు ఊదేసి తినడంలో ఉండే సందడంతా పోతుంది. మా ఉడుతలు కొర్రల దగ్గర పెద్దగా ఓపిక చూపించలేదు. తినవని కాదు, తింటాయి, కానీ చెనిక్కాయ కోసం చేసిన విన్యాసాలు కొర్ర కోసం చేయవు. రాకపోకలు సగానికి తగ్గాయి.

అమ్మది వేరే లైను. "పిచ్చుకలకే కావల్లంటే ఉడుతకు వేరేగా పెట్రా, అదేం పాపం చేసింది" అంది. బోను పెట్టడం, జిగురు అట్టలు పెట్టడం అనే మాటే మా ఇంట్లో రాదు, నాకూ ఇష్టం లేదు. జిగురు అట్ట మీద పిచ్చుకే పడుతుంది. సరే, వేపచెట్టు వైపు గోడ మీద ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టాం. ఎండలు నలభై దాటాక ఉడుతలు గింజలకన్నా ఆ నీళ్లకే ఎక్కువ వచ్చాయి. రోజూ కడిగి మార్చాలి, లేకపోతే దోమలు.

మే

అసలు పని ఇక్కడ జరిగింది. ఫీడరును చెట్టు నుంచి దించేసి పెరటి నడుమ ఒంటి స్తంభం మీదికి మార్చాను. అమెరికా వాళ్లు 5-7-9 అనే లెక్క చెప్తారు: ఉడుత నేల నుంచి పైకి ఐదు అడుగులు, అడ్డంగా ఏడు, పై నుంచి కిందికి తొమ్మిది అడుగులు దూకుతుందని. మనది చిన్నది కాబట్టి అంత ఉండదు, కానీ ఆ లెక్క పాటిస్తే నష్టం లేదు. గోడ నుంచి ఎనిమిది అడుగులు వచ్చేలా చూసుకుని, స్తంభం నెత్తిన ఉన్న రెండు జామకొమ్మలు కొట్టేశాను. కేబుల్ వైరు సరిగ్గా పైన లేకుండా స్తంభాన్ని కొంచెం పక్కకు జరిపాను.

సామాను: ఎనిమిది అడుగుల పొడవు, ఒక ఇంచు వ్యాసం ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, అందులో రెండడుగులు గుంతలో కాంక్రీటుతో. రెండడుగుల పొడవు పీవీసీ పైపు ముక్క. ఒక పాత స్టీలు ప్లేటు, ఒక హోస్ క్లిప్పు. ప్లేటు మధ్యలో వెల్డింగ్ షాపులో కన్నం కొట్టించి, పీవీసీ ముక్కకు మూతలా బిగించి, స్తంభానికి తొడిగి, క్లిప్పు మీద ఆనేలా వేలాడదీయాలి. కింది అంచు నేలకు మూడున్నర అడుగుల ఎత్తున ఉంది. ఉడుత స్తంభం ఎక్కుతూ నేరుగా ఆ గొట్టంలోకి దూరుతుంది, పైన మూత, దారి లేదు, దిగిపోతుంది. గొట్టం బిగుతుగా ఉండకూడదు, కొంచెం ఊగాలి.

పీవీసీ ముక్క నాలుగించుల వ్యాసంది చాలదు. మన దుమ్ముకు, ఎండకు గరుకెక్కాక ఉడుత దాన్ని కావలించుకుని ఎక్కేస్తుంది. ఆరించులదానికి కాళ్లు చాలవు. అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడిస్తే చాలు. స్తంభానికి గ్రీజు, వంటనూనె పూయమని చెప్పేవాళ్లున్నారు, దయచేసి పూయకండి. ఈకలకు నూనె అంటితే పిట్టకు ఎండా వానా రెండూ తట్టుకునే శక్తి పోతుంది, ఉడుత బొచ్చుకూ అంతే.

గొట్టం పెట్టాక ఉడుత ఫీడరు మీద కనిపించలేదు. కింద రాలిన గింజలు తింటుంది, అది తిననీ. సాయంత్రం ఊడ్చేస్తాను, ఉడుత కోసం కాదు, ఎలుకల కోసం.

ఆషాఢం

గాలి మొదలైంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. వేలాడే ఫీడరైతే సగం గింజలు పక్కింట్లో పడేవి, స్తంభానికి బిగించాను కాబట్టి బతికాను.

గింజలకు కారంపొడి కలిపితే ఉడుత రాదట కదా అని చాలామంది అడిగారు. సైన్సు ప్రకారం సరైనదే. మిరప ఘాటును పసిగట్టే గ్రాహకం ఒకటి నరాల్లో ఉంటుంది, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ తెచ్చిపెట్టింది అదే. అది పక్షుల్లో ఆ ఘాటుకు స్పందించదు. అందుకే చిలక పచ్చిమిరపకాయ కొరికినా దానికి మంట ఉండదు. కానీ మా గాలిలో కారంపొడి గింజల మీద ఉంటుందా? నా కళ్లలో పడింది. పైగా పిచ్చుక పొట్టు ఒలిచి తింటుంది, కారం అంతా పొట్టుతో కింద పోతుంది. స్తంభం, గొట్టం ఉన్నాక దాని అవసరమే లేదు.

ఇప్పుడు మిగిలిన తలనొప్పి పావురాలు. ఉడుత రాకపోయేసరికి ఫీడరు ట్రే మొత్తం వాటిదైపోయింది, పిచ్చుకలు గోడ మీద క్యూలో కూర్చుంటున్నాయి. మార్చిలో పక్కన పెట్టిన జాలీ ఇక్కడ పనికొస్తుంది: రెండించుల కన్నంలోంచి పిచ్చుక దూరుతుంది, పావురం దూరలేదు, ఉడుతేమో అంత ఎత్తుకు రానే రాదు. జాలీకి, ట్రేకి మధ్య పావురం మెడ చాచినా గింజ అందనంత ఎడం ఉండాలి, ఎటు చూసినా ఆరించులైనా. జాలీ తెచ్చాను, అంచులు గుచ్చుకోకుండా మడవడానికి వెల్డింగతను ఆదివారం రమ్మన్నాడు.