వెలుతురు కనిపిస్తోంది
మన పాలిటెక్నిక్ ఫిట్టింగు షాపులో మొదటి సంవత్సరం మాకిచ్చిన పని చూడడానికి తేలిక: ఇనుప ముక్కను బెంచ్‌వైసులో బిగించి, ఆకురాయితో అరగదీసి, లంబకోణం చూసే మూలమట్టానికి సరిపెట్టాలి. మాస్టారు ఆ ముక్కకు మూలమట్టం ఆనించి, కిటికీ వైపు ఎత్తి, నడుమ సందు ఉందేమోనని ఒంటికన్నుతో చూసి, "వెలుతురు కనిపిస్తోంది నాయనా" అని తిరిగి నా చేతిలోనే పెట్టేవారు. ఎనిమిదోసారి ఏమీ అనకుండా తీసుకున్నారు. పని కుదిరిందో, ఆయనే విసిగిపోయారో నాకు నేటికీ తెలియదు.

ఉద్యోగ విరమణ తరువాత పెరటి గదిలో చిన్న లేత్ పెట్టుకొని, ఆవిరియంత్రపు నమూనా ఒకటి మొదలుపెట్టాను. అది ఊగే సిలిండరు రకం. దానికి విడిగా వాల్వు ఉండదు. ఇరుసును తిప్పే చేయి, అంటే క్రాంకు, తిరిగేకొద్దీ సిలిండరే అటూ ఇటూ ఊగుతూ, తన ముఖం మీది ఒకే రంధ్రాన్ని ఒకసారి ఆవిరి వచ్చే దారికీ, మరొకసారి బయటికి పోయే దారికీ ఎదురుగా తెస్తుంది. పిస్టన్ నడక 20 మి.మీ. కావాలనుకున్నాను కనుక, క్రాంకు పిన్నును ఇరుసు కేంద్రం నుంచి 10 మి.మీ. దూరంలో బిగించాను. సిలిండరుకు 11.8 మి.మీ. డ్రిల్లు వేసి, రంధ్రాన్ని నున్నగా, సరిగ్గా కొలతకు తెచ్చే 12 మి.మీ. రీమరు తిప్పాను. అంతవరకు అంతా సవ్యంగానే సాగింది.

సైకిలు పంపుతో గాలి పెడితే యంత్రం కదలకుండా బుస కొట్టింది. సిలిండరు ముఖాన్ని ఆవిరి దారులున్న ముఖానికి అదిమి ఉంచే స్ప్రింగును బిగిస్తే బుస ఆగింది గాని, సిలిండరు ఊగడమూ ఆగింది. తప్పు పిస్టనుదని దానినే మళ్ళీ చేసి, వారం రోజులు వృథా చేసుకున్నాను. చివరికి సిలిండరు ముఖానికి స్కేలు అంచు ఆనించి దీపం వైపు ఎత్తితే, నడుమ ఎత్తుగా ఉండి, రెండు కొసల దగ్గరా సన్నని వెలుతురు గీతలు కనిపించాయి. ఆకురాయి చేతిలో ఊగితే వచ్చే దోషమది. నా చేతికి పాత జబ్బే.

అద్దం పలక మీద 600 నంబరు వాటర్ పేపరు పరచి, రెండు చుక్కల నూనె వేసి, ముఖం మీద స్కెచ్ పెన్నుతో అడ్డుగీతలు గీసి రుద్దాను. మొదట నడుమ గీతలే చెరిగాయి. కొసల గీతలు కూడా పోయేసరికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తరువాత మనవడు పంపు కొడుతుండగా ఫ్లైవీలును వేలితో తోస్తే, యంత్రం కుట్టుమిషనులా టకటకమంటూ అందుకుంది.

పూర్వ విద్యార్థుల సమావేశానికి దానిని తెస్తున్నాను. విప్పి చూపమంటే విప్పుతాను. మూలమట్టం మాత్రం మీరే తెచ్చుకోవాలి.