నిషేధం ముగిసింది, లైసెన్స్ మాత్రం రాలేదు

తాగి కారు నడుపుతూ నేను దొరికిపోయింది రాత్రి కాదు, పొద్దున్న ఏడుంపావుకి. ముందు రోజు రాత్రి స్నేహితుడి ప్రమోషన్ పార్టీ. బుద్ధిగా క్యాబ్‌లో వెళ్లాను, క్యాబ్‌లోనే వచ్చాను. చివరి గ్లాసు దించేసరికి ఒంటిగంట. ఇంటికొచ్చి పడుకుని, లేచి, తలస్నానం చేసి, రెండు కప్పుల కాఫీ తాగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు బయల్దేరాను. దారిలో చెకింగ్ కనిపించినా నాకేం టెన్షన్ లేదు. అద్దం దించి నవ్వాను కూడా. గొట్టంలో ఊదమన్నారు. మిషన్ మీద 68 పడింది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నాకు వర్తించిన హద్దు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదించారు. దాదాపు అదే అంకె.

"నిన్న రాత్రి తాగానండీ, ఇవాళ కాదు" అన్నాను. అదేదో నన్ను కాపాడుతుందనుకున్నాను.

కోర్టు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. బెంచీ మీద మూడు గంటలు, జడ్జి ముందు నాలుగు నిమిషాలు. జరిమానా, 12 నెలల నిషేధం, ఒక రెఫ్రెషర్ కోర్సు, లైసెన్స్ తిరిగి ఇచ్చేముందు మెడికల్ పరీక్ష. కార్డు తీసుకుని రసీదు చేతిలో పెట్టారు. ఆ రసీదును నేను పాత బిల్లుల మధ్య పడేశాను. మీరు అలా చేయకండి, చివర్లో పని పడేది దానితోనే.

ఆఫీసులో నాది తిరిగే ఉద్యోగం. నిజం చెప్పేశాను కాబట్టి తీసెయ్యకుండా కుర్చీలో కూర్చునే పని ఇచ్చారు. అసలు కష్టం ఇంటి దగ్గరే. కారు కింద కనిపిస్తూనే ఉంటుంది, తాళం మేకుకి వేలాడుతూనే ఉంటుంది. ఒకరోజు అర్ధరాత్రి పాపకు జ్వరం 103 దాటింది. బయట వాన. క్యాబ్ ఎంతకీ దొరకదు. నా చెయ్యి తాళం మీదకు పోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు, తాళం తీసి తన కొంగున ముడేసుకుంది. పై వాటా అంకుల్ తలుపు కొట్టాను. ఆయన లుంగీ మీదే కిందికొచ్చి తన బండి తీశారు. నిషేధంలో ఉండగా బండి నడపడం ఇంకో నేరం, ఇన్సూరెన్స్ కూడా చెల్లదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ చెయ్యి పోయిందన్నదే చెప్తున్నాను.

కోర్సుకి మొహం మాడ్చుకుని వెళ్లాను. నీతిబోధ చేస్తారనుకున్నాను. పదిమందిమి ఉన్నాం, అందరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గోడలు చూస్తున్నాం. క్లాసు చెప్పిన మేడం రిటైరైన నర్సు. వచ్చీ రాగానే తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "మీ కథ వద్దు, మీ అంకె రాయండి, టైమ్ రాయండి" అన్నారు. నేను 68, 7:15 అని రాశాను.

"లివర్ ఈ అంకెను గంటకు సుమారు 15 చొప్పున దించుతుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, పరుగెత్తినా ఆ వేగం పెరగదు. ఇప్పుడు వెనక్కి లెక్కేయండి" అన్నారు.

ఒంటిగంట నుంచి ఏడుంపావు దాకా ఆరుంపావు గంటలు. పదిహేనుతో గుణిస్తే దాదాపు 94. దానికి 68 కలిపితే 162. అంటే క్యాబ్ ఎక్కేటప్పటికి నా ఒంట్లో హద్దుకు మూడింతల పైన ఉంది. మేడం నా కాగితం మీదకు వంగి చూసి, "ఇప్పుడు ముందుకి వెయ్యండి" అన్నారు. 68ని 15తో భాగించాను. నాలుగున్నర గంటలు. నేను పూర్తిగా ఖాళీ అయ్యేది ఆ రోజు పావు తక్కువ పన్నెండుకన్నమాట. ఆఫీసులో పదకొండింటికి మీటింగ్ ఉండింది నాకు.

ఈ లెక్కకు సూత్రం కట్టింది స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ అట, 1930ల్లోనే. "మీరంతా తొంభై ఏళ్లు లేటుగా వచ్చారు క్లాసుకి" అని మేడం నవ్వారు. అప్పటిదాకా గోడలు చూస్తున్నవాళ్లం మొదటిసారి నవ్వాం. నా పక్కనున్న కుర్రాడి కాగితం చూశాను. వాడూ పొద్దున దొరికినవాడే, ఎనిమిదింటికి.

రెండోసారి ఎందుకు ఊదిస్తారో కూడా అక్కడే తెలిసింది. అప్పుడే తాగినవాడి నోట్లో, మౌత్‌వాష్ పుక్కిలించినవాడి నోట్లో మిగిలిన ఆల్కహాల్ అంకెను పెంచేస్తుంది. పావుగంట ఆగితే అది పోతుంది. ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చేది మాత్రం పోదు. నాది ఆగినా తగ్గలేదు, అంటే అది రక్తంలోదే.

ఇక నేను చేసిన పెద్ద పొరపాటు. 12 నెలలు పూర్తయిన రోజు కార్డు దానంతటదే పోస్టులో వస్తుందనుకున్నాను. క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ కూర్చున్నాను, జైలు సినిమాలో మాదిరి. నిషేధం తీరేది ఆ తేదీకే, నిజమే. కానీ లైసెన్స్ కావాలంటే మళ్లీ అర్జీ పెట్టుకోవాలి, కోర్సు సర్టిఫికెట్ జతచేయాలి, మెడికల్ రిపోర్టు లైసెన్స్ ఆఫీసుకు చేరాలి. నేను దరఖాస్తు పెట్టిందే ఆఖరి వారంలో. పైగా వాళ్ల దగ్గర ఉన్నది నా పాత ఇంటి అడ్రసు, పరీక్షకు రమ్మన్న ఉత్తరం అక్కడికి పోయింది. ఫోన్ చేస్తే "పంపించాం కదండీ" అంటారు. వాళ్లు పంపిన మాట నిజమే, నాకు రాని మాటా నిజమే. ఇంకోసారి పంపడానికి మూడు వారాలు తీసుకున్నారు. రెండు మూడు నెలల ముందే కదిలి ఉంటే ఈ తిప్పలుండేవి కావు.

మెడికల్ రోజున నర్సమ్మ దూదికి స్పిరిట్ అద్ది మోచేతి దగ్గర తుడిచింది. ఆ వాసన ముక్కుకి తగలగానే నా గుండె గుభేలుమంది. "డాక్టరు గారూ, ఇది స్పిరిట్ కదా, రిపోర్టులో వచ్చేస్తుందేమో" అన్నాను. పెద్దాయన పగలబడి నవ్వారు. వాళ్లు ఆ రోజు రక్తంలో ఆల్కహాల్ వెతకడం లేదట. వెతికేది సీడీటీ అట, ఒంట్లో ఇనుమును మోసే ప్రొటీన్‌కే ఒక మారు రూపం. వారాల తరబడి రోజూ గట్టిగా తాగేవాళ్లలో అది పెరుగుతుంది, మానేశాక మామూలు స్థాయికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. పరీక్షకు ముందు రెండ్రోజులు మానేసి వస్తే దాన్ని ఏమార్చలేం. జీజీటీ అని ఒక లివర్ ఎంజైమ్ కూడా చూస్తారు గానీ, అది కొన్ని మందుల వల్లా, కొవ్వు పట్టిన లివర్ వల్లా పెరగొచ్చు కాబట్టి దానొక్కదాన్నీ పట్టుకుని తేల్చరట. తర్వాత ప్రశ్నలు. వారానికి ఎన్నిసార్లు, ఎంత, ఒంటరిగానా, పొద్దున్నే తాగాలనిపిస్తుందా. ఉన్నదున్నట్టు చెప్పాను. తగ్గించి చెప్పాలన్న దురద ఉంటుంది చూశారూ, అంకెలు ఆయన చేతిలో ఉన్నాయని గుర్తొచ్చి ఆపుకున్నాను.

నిషేధం ముగిసిన ఏడో వారంలో కార్డు వచ్చింది. ఇన్సూరెన్స్ రెన్యువల్ ఫారంలో శిక్ష ఏమైనా పడిందా అన్న ప్రశ్నకు అవును అని టిక్ పెట్టాను. ప్రీమియం చూసి మా ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

ఆ సాయంత్రం కార్డు జేబులో పెట్టుకుని కిందికి దిగాను. మా ఆవిడ తాళం ఇచ్చి పక్క సీట్లో కూర్చుంది, పాప వెనక. తాళం తిప్పాను. కారులో చిన్న 'టిక్' తప్ప ఏం లేదు. ఏడాది పైన కదలని బండి, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ముగ్గురం అలాగే కాసేపు కూర్చున్నాం. ఏడాదంతా లిఫ్ట్ అడిగి అడిగి నేను విసిగించిన ఆ పై వాటా అంకుల్ తలుపే మళ్లీ కొట్టాను. ఈసారి ఆయన జంపర్ కేబుల్స్ పట్టుకుని దిగారు.