గంగాసాగరానికి వశిష్ఠ నీళ్ళు

అమ్మ సంచిలో అన్నిటికన్నా అడుగున, పాత తువ్వాల్లో చుట్టిన అరలీటరు మంచినీళ్ళ సీసా ఒకటి ఉంది. అందులో ఉన్నవి అంతర్వేది నీళ్ళు. గంగాసాగరానికి బయలుదేరే ముందురోజు ఆటో మాట్లాడుకుని అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట తనే పట్టుకొచ్చింది. "అక్కడ గంగ సముద్రంలో కలిసే చోట పోస్తాను" అంది. ఇలా చెయ్యమని ఏ శాస్త్రంలోనైనా ఉందా అని నేను అడగలేదు. చెయ్యాలని ఆవిడకి అనిపించింది, అంతే.

మాది సఖినేటిపల్లి. నాన్న పోయి మూడేళ్ళయింది. ఆయన కాశీ చూశారు, రామేశ్వరం చూశారు, బెంగాల్లో గంగ సముద్రంలో కలిసే గంగాసాగరం మాత్రం మిగిలిపోయింది. ప్రతి సంక్రాంతికీ టీవీలో అక్కడి మేళా చూపిస్తుంటే "వచ్చే ఏడు మనం" అనేవారు. ఉత్తరాది వాళ్ళకి ఒక మాట ఉంది: సబ్ తీరథ్ బార్ బార్, గంగాసాగర్ ఏక్ బార్. మిగతా తీర్థాలు ఎన్నిసార్లైనా వెళ్ళొచ్చు, గంగాసాగరం ఒక్కసారే. రోడ్లు లేని కాలంలో పడవల మీద, అడవుల అంచున, తుఫాను భయంతో వెళ్ళేవారు కాబట్టి ఆ మాట వచ్చింది. మన పెద్దలు "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే" అన్నట్టే.

భీష్మాష్టమి నాడు అక్కడ ఉండేలా టిక్కెట్లు తీశాను. ఆ రోజు భీష్ముడికి తర్పణం వదులుతారు. భీష్ముడు గంగ కొడుకు. గంగ సముద్రంలో కలిసే చోట ఆయన పేరు తలుచుకోవడం కన్నా ఏం కావాలి? అమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, రథం లాగుతారు. ఆ వేళకి ఇంట్లో ఉండాలి.

కోల్‌కతా నుంచి తెల్లవారుజామున నాలుగింటికి కారులో బయలుదేరాం. డైమండ్ హార్బర్ రోడ్డు మీద పొగమంచు, లైట్లు వేసుకుని ఎదురొచ్చే లారీలు, అంతకుమించి ఏమీ కనబడలేదు. కాక్‌ద్వీప్ దాటి రేవు చేరేసరికి ఎనిమిది. ఆ రేవు పేరు లాట్ నంబర్ ఎయిట్. బ్రిటిష్ వాళ్ళు సుందరబన్ అడవులు కొట్టించి సాగుకిచ్చే రోజుల్లో భూమిని లాట్లుగా విడగొట్టి నంబర్లు వేశారు. ఆ నంబరే ఊరికి పేరైపోయింది.

గేటు మూసి ఉంది. పెద్ద పెద్ద లాంచీలు, అక్కడివాళ్ళు వెసెల్ అంటారు, రేవుకి కట్టేసి ఉన్నాయి. వాటి కింద నీళ్ళు ఎంత తక్కువున్నాయంటే పక్కన బురద మీద కొంగలు నడుస్తున్నాయి. "భాటా" అన్నాడు టీకొట్టతను. సముద్రం వెనక్కి తీసింది, నది మధ్య ఇసుక మేటలు తేలాయి, లాంచీలు నడవవు, ఎప్పుడు తీస్తారో మళ్ళీ నీళ్ళు పెరిగితేగానీ తెలియదు. కారు మాట్లాడినతను మాత్రం రోజంతా లాంచీలు నడుస్తాయని చెప్పాడు. నాకు టెన్షన్ మొదలైంది. వెళ్ళి, స్నానం చేసి, దర్శనం చేసుకుని చీకటి పడకుండా తిరిగి రావాలి. మర్నాడు హౌరాలో రైలు. అది తప్పితే ఏకాదశికి ఇల్లు చేరలేం.

అమ్మ మాత్రం గట్టు మీద మెట్టు చూసుకుని కూర్చుంది. "పాటు కదరా, ఉంటుంది" అంది. మా వైపు సముద్రం పెరిగితే పోటు, తీస్తే పాటు. నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య గోదారి దాటాలంటే ఈనాటికీ పంటే, అంటే జనాన్నీ బళ్ళనీ దాటించే పడవే గతి. చదువుకి, ఆసుపత్రికి, పెళ్ళి బట్టలకి పంటు ఎక్కి పెరిగినదాన్ని అన్న ధీమా ఆవిడది.

"అదిగో, ఆ గుర్రపుడెక్క చూడు."

నది మధ్య ఆకుపచ్చటి తెప్పలా ఒక గుర్రపుడెక్క గుంపు సముద్రం వైపు కొట్టుకుపోతోంది. నాలుగైదు ఊదా పువ్వులు కూడా ఉన్నాయి దాని మీద. టీ తాగాం. మరమరాలు తిన్నాం. ఫోనులో పోటుపాట్ల వేళలు వెతుకుతూ నేను కూర్చున్నాను. తొమ్మిది దాటాక ఇంకో గుంపు వచ్చింది. అది ముందు వేగంగా, తర్వాత మెల్లగా జరిగి, ఒకచోట ఆగిపోయింది. పది నిమిషాలు అక్కడే నిలబడింది. తర్వాత ఎవరో పిలిచినట్టు నెమ్మదిగా పైకి, నది వచ్చిన దిక్కుకే జరగడం మొదలుపెట్టింది.

"తిరిగింది. ఇంకో గంటన్నరలో వదులుతారు" అంది అమ్మ. పదకొండుకి పావుగంట ముందు గేటు తీశారు.

ఈ నది పేరు మూరిగంగ, గంగ పాయైన హుగ్లీ నుంచి చీలినది. గంగలో ఎక్కువ నీళ్ళు పద్మ పేరుతో బంగ్లాదేశ్‌కి వెళ్ళిపోతాయి. ఇటు హుగ్లీకి నీళ్ళు మళ్ళించడానికే 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చింది. అయినా ఒండ్రు పేరుకుంటూనే ఉంది. ఏటా మేళాకి ముందు డ్రెడ్జర్లు పెట్టి ఇక్కడ ఇసుక తోడతారు. మనకి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠ విడిపోయినట్టే ఇక్కడా పాయల కథే.

లాంచీలో సగం మంది యాత్రికులు, సగం మంది ఊళ్ళోవాళ్ళు. సైకిళ్ళు, కోళ్ళ బుట్టలు, చంటిపిల్ల నిద్రపోతుంటే కొంగు కప్పిన తల్లి. రైలింగు పక్కన జనం మరమరాలు ఎగరేస్తుంటే తెల్లటి సముద్రపు పక్షులు గాల్లోనే అందుకుంటున్నాయి. ఒకావిడ అమ్మకి తన పొట్లంలోంచి గుప్పెడు పోసి "మాసీమా, మీరూ వెయ్యండి" అని బెంగాలీలోనే చెప్పింది. అమ్మకి అర్థమైంది. ముప్పావుగంట సేపు అమ్మ పక్షులకి మరమరాలు వేస్తూనే ఉంది. నాన్న పోయాక ఆవిడ అంత తేలిగ్గా నవ్వడం నేను చూడలేదు.

కచుబేడియాలో దిగి, అక్కణ్ణుంచి గుడికి 30 కిలోమీటర్లు. ఒక చిన్న వ్యాను మాట్లాడుకున్నాం. ఇక్కణ్ణుంచి అమ్మ నోరు మూయలేదు. రోడ్డుకి రెండు పక్కలా తమలపాకు తోటలు, నాలుగు వైపులా జనపకట్టెల దడి, పైన గడ్డి కప్పు. ఈతచెట్లకి కుండలు. చెరువు, చెరువు గట్టున ఇల్లు, ఇంటి ముందు గడ్డిమేటు. "ఇది మన లంకేరా! కొబ్బరిచెట్లు కాస్త తక్కువ, అంతే." నిజమే. పోటు నీళ్ళు రాకుండా మట్టిగట్లు కూడా మనవాళ్ళు వేసినట్టే వేశారు.

వ్యాను తోలే అబ్బాయి హిందీ బాగానే మాట్లాడాడు. వాళ్ళ తాతది లోహాచరా. ఆ లంక ఇప్పుడు లేదు, నదిలో కలిసిపోయింది. అక్కణ్ణుంచీ, పక్కనే సగానికి పైగా కోసుకుపోయిన ఘోడామారా నుంచీ వచ్చినవాళ్ళకి ఈ సాగర ద్వీపంలోనే స్థలాలిచ్చారు. "మా తాత పొలం ఇప్పుడు చేపలు దున్నుతున్నాయి అనేవాడు" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. మా పెదతాతగారి రెండెకరాల కొబ్బరితోట కూడా గోదారి కోతలోనే పోయింది.

గుడి దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండు ముప్పావు. సంక్రాంతి మేళా అయిపోయి కొన్ని రోజులే అయింది. వెదురు బారికేడ్లు ఇంకా విప్పుతున్నారు, ఇసుకలో గుంజల గుంతలు అలాగే ఉన్నాయి. లక్షల మంది తొక్కిన చోట ఇప్పుడు వందమంది కూడా లేరు. పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు మేళా అయ్యాకే వెళ్ళండి, అదీ పోటుపాట్ల వేళలు ముందే చూసుకుని.

ముందు సముద్రం. నీళ్ళు నీలంగా ఉండవు, గోదారి వరదనీళ్ళలా మట్టిరంగు. అలలు చిన్నవి. ఇది నదా సముద్రమా అని చెప్పడం కష్టం. నోట్లో పోసుకుంటే ఉప్పన తెలుస్తుంది, అంతే. మోకాళ్ళ లోతులో అమ్మ చెయ్యి పట్టుకుని మూడు మునకలు వేయించాను. ఒడ్డుకొచ్చి, ఇంటి నుంచి తెచ్చిన నువ్వులు, దర్భలతో ముందు భీష్ముడికి, తర్వాత నాన్నకి, తాతలకి తర్పణం వదిలాను. పోటు ఇంకా ఎక్కుతోంది. నేను కూర్చున్నప్పుడు నాలుగడుగుల దూరంలో ఉన్న నీళ్ళు, నాన్న పేరూ గోత్రమూ చెప్పి మూడోసారి నువ్వులనీళ్ళు వదిలేసరికి నా కాళ్ళ కిందికి వచ్చి ఆ నువ్వుల్ని తీసుకుపోయాయి.

అప్పుడు అమ్మ తువ్వాలు విప్పింది. సీసా మూత బిగుసుకుపోయి రాలేదు. నేను తీయబోతే ఇవ్వలేదు. కొంగు చుట్టి తనే తిప్పింది. వంగి, అలకి దగ్గరగా పెట్టి, ఒక్కసారిగా కాకుండా సన్నటి ధారగా పోసింది. మన గోదారి నీళ్ళు, ఆ నీళ్ళు ఒకే రంగు. పడ్డచోట తేడా ఏమీ తెలియలేదు. "మీ నాన్నకి గోదారి నీళ్ళంటే ఇష్టం" అంది. ఖాళీ సీసాని అక్కడే నింపి మూత పెట్టేసింది.

ఆ తర్వాత ఒక పూజారి దూడని తెచ్చి, తోక పట్టుకుంటే వైతరణి దాటిస్తానన్నాడు. అమ్మ దూడకి అరటిపండు పెట్టి, ఆయనకి దక్షిణ ఇచ్చి, తోక మాత్రం పట్టుకోలేదు. "నాకిప్పుడేం తొందర లేదు" అంది.

కపిలముని గుడి సముద్రానికి సుమారు అరకిలోమీటరు. ఇప్పుడున్నది 1970ల్లో కట్టినది. అంతకుముందువాటిని సముద్రం తీసుకుపోయింది. ఇప్పుడు కూడా కొన్ని స్నానఘట్టాల దగ్గర ఒడ్డు తెగి కనబడుతోంది. లోపల సింధూరం పూసిన మూర్తులు: మధ్యలో యోగాసనంలో కపిలుడు, ఒక పక్క మకరం మీద గంగమ్మ, ఇంకో పక్క సగర చక్రవర్తి. సగరుడి అశ్వమేధపు గుర్రాన్ని ఇంద్రుడు తెచ్చి కపిలుడి ఆశ్రమంలో కట్టేశాడు. వెతుక్కుంటూ వచ్చిన 60,000 మంది కొడుకులు ఆయన్ని దొంగ అన్నారు, ఆయన కళ్ళు తెరిచేసరికి బూడిదయ్యారు. ఆ బూడిద మీద గంగ పారాలని అంశుమంతుడు, దిలీపుడు తపస్సు చేశారు, వాళ్ళ వల్ల కాలేదు, భగీరథుడి వల్ల అయింది. మనం రోజూ వాడే భగీరథ ప్రయత్నం అన్న మాట ముగిసింది ఈ ఇసుకలోనే.

నాకు తెలియని కథ అమ్మ చెప్పింది. భాగవతం మూడో స్కంధంలో కపిలుడు మొదట తన తల్లి దేవహూతికి తత్త్వం చెప్పి, ఆవిడ దగ్గర సెలవు తీసుకుని బయలుదేరాడట. సముద్రుడు ఎదురొచ్చి అర్ఘ్యమిచ్చి ఉండడానికి చోటు చూపించాడట. "అంత సముద్రం ఆయనకి చోటిచ్చింది. ఆ గుళ్ళు తీసుకుపోయిందంటే మళ్ళీ తన ఇంటికి పిలుచుకుందనుకోవాలి" అంది. ఆ మాట అన్నాక మూర్తి వంక చూసి రెండు చేతులూ జోడించి, పెదాలు కదుపుతూ చాలాసేపు నిలబడింది. ఏం కోరుకున్నావని నేను అడగలేదు.

దగ్గర్లోని ఆశ్రమంలో అన్నం, పప్పు, బంగాళాదుంప కూర పెట్టారు. పొద్దుటి నుంచీ మరమరాల మీద ఉన్నామేమో, ఆ పప్పు అమృతంలా ఉంది. మూడుంపావుకి అక్కణ్ణుంచి కదిలాం.

కచుబేడియా రేవులో అయిదింటికి లాంచీ దొరికింది. చలికాలం, సూర్యుడు అప్పుడే కిందికి జారిపోతున్నాడు. నది నిండా ఎర్రటి వెలుగు. పొద్దున కనబడిన బురద మేటలు ఒక్కటీ లేవు, అన్నిటినీ నీళ్ళు కప్పేశాయి. లాంచీవాడు తాడు విప్పుతూ ఎక్కేవాళ్ళని తొందరపెడుతున్నాడు. అమ్మ సీసా ఒళ్ళో పెట్టుకుని నదికేసి చూస్తోంది. చూస్తూ చూస్తూ, "ఒరేయ్, తమ్ముడికి ఫోన్ చెయ్యి. రేవులోనే ఉంటాడు ఈ వేళ" అంది.

పిన్ని కొడుక్కి సఖినేటిపల్లి రేవులోనే కొట్టు. ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. వెనకాల పంటు ఇంజను చప్పుడు వినబడుతోంది.

"పెద్దమ్మా, స్నానాలయ్యాయా? దర్శనం బాగా జరిగిందా?"

"బ్రహ్మాండంగా జరిగింది. గోదారి ఎలా ఉంది నాయనా? పోటా, పాటా?"

వాడు కొట్టులోంచి బయటికొచ్చి చూసినట్టున్నాడు. కాసేపు ఇంజను చప్పుడే వినబడింది.

"ఇప్పుడే తీయడం మొదలెట్టింది పెద్దమ్మా. మెట్టు తడి కనబడుతోంది."

అమ్మ రైలింగు మీంచి వంగి కిందికి చూసింది. రేవు కొయ్యకి ఆనుకుని ఉన్న గుర్రపుడెక్క ఒకటి విడివడి, సముద్రం వైపు మెల్లగా కదిలింది.

"ఇక్కడా అంతే" అంది వాడితో.