సగం డోసు మధ్యేమార్గం కాదు

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకుంటూ, లోపల రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీసే జబ్బు) ఉన్న పెద్దవాళ్ల మందుల చీటీల్లో తరచూ కనిపించే పొరపాటు ఒకటుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఎపిక్సబాన్ (బ్లడ్ థిన్నర్) 5 మి.గ్రా. ఇవ్వాల్సిన చోట 2.5 రాసేస్తారు. "వయసు పైబడింది, రక్తం పోతుందేమో" అన్న భయంతోనే ఇదంతా.

72 ఏళ్ల ఆమె ఒకరున్నారనుకోండి. బరువు 54 కిలోలు, పై బీపీ 170, షుగర్ ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఎప్పుడో మొదలుపెట్టి ఆపని ఆస్పిరిన్. పక్షవాతం ముప్పు లెక్కగట్టే చాడ్స్-వాస్క్ స్కోరులో వయసుకు 1, బీపీకి 1, షుగర్‌కు 1, స్త్రీ అయినందుకు 1, మొత్తం 4. (2024 యూరప్ మార్గదర్శకాలు ఆ స్త్రీ పాయింటు తీసేశాయి. 3 అయినా మందు కావాల్సిందే.)

ఎపిక్సబాన్ డోసు తగ్గించాలంటే ఈ మూడింట్లో కనీసం రెండు ఉండాలి: వయసు 80 లేదా ఆపైన, బరువు 60 కిలోలు లేదా అంతకు తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువ. ఈమెకున్నది బరువొక్కటే. కాబట్టి పొద్దున 5, రాత్రి 5.

అదే రివరోక్సబాన్ అనే మరో బ్లడ్ థిన్నర్ అయితే లెక్క వేరు. రిపోర్టులో 1.1 నార్మల్‌గానే కనిపిస్తుంది గానీ వయసు, బరువు కలిపి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వేస్తే కిడ్నీ క్లియరెన్స్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 39 దగ్గరే తేలుతుంది. 50 దాటలేదు కాబట్టి 20 కాదు, 15 మి.గ్రా. అదీ భోజనంతోనే, ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు.

ఇక రక్తస్రావం సంగతి. రక్తస్రావం ముప్పు లెక్కగట్టే హ్యాజ్-బ్లెడ్ స్కోరు ఈమెకు 3: వయసు, అదుపులో లేని బీపీ, నొప్పి మాత్రలు-ఆస్పిరిన్ (రెండూ కలిపి ఒక్క పాయింటే). ఈ అంకె చూసి బ్లడ్ థిన్నర్ ఆపేస్తారు చాలామంది. అసలు ఆ స్కోరున్నది ఏం సరిచేయాలో చెప్పడానికి. పై బీపీని 130 దగ్గరకు తెచ్చి, డైక్లోఫెనాక్ మాన్పించి పారాసిటమాల్‌కు మార్చి, స్టెంటు, గుండెపోటు లాంటి కారణమేదీ లేకపోతే డాక్టరు చేతనే ఆస్పిరిన్ ఆపిస్తే స్కోరు 1కి దిగుతుంది. వయసును ఎలాగూ తగ్గించలేం.

"పోనీ, ఆస్పిరిన్ ఒక్కటే చాలదా?" చాలదు. 2011లో వచ్చిన అవెరోస్ ట్రయల్‌లో ఆస్పిరిన్‌తో పోలిస్తే ఎపిక్సబాన్ పక్షవాతాన్ని సగానికి పైగా తగ్గించింది. పెద్ద రక్తస్రావాలు మాత్రం రెంటిలోనూ దాదాపు సమానం.

కీళ్లవాతపు జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం బాగా బిగుసుకుపోయినవాళ్లకు ఈ కొత్త మందులు పనికిరావు. వాళ్లకు పాత బ్లడ్ థిన్నర్లయిన వార్ఫరిన్ లేదా ఎసిట్రోమే, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే పరీక్ష) 2–3 మధ్య ఉండేలా. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుల పనిని తగ్గిస్తుంది గానీ, గోంగూర, పాలకూర మానక్కర్లేదు. వారం వారం తినే మోతాదు ఒకేలా ఉంటే చాలు. వారమంతా మానేసి ఆదివారం గిన్నెడు లాగిస్తే ఐఎన్ఆర్ అటూ ఇటూ ఊగుతుంది.

ఏ బ్లడ్ థిన్నర్ వాడుతున్నా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, చిన్నదేలే అనుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలతోనూ నల్లగా అవుతుంది కాబట్టి, అవి వాడుతుంటే ఆ మాట ముందే డాక్టరుకు చెప్పి హిమోగ్లోబిన్ చూపించుకోవాలి.