గడ్డికి అర్జీ పెడితే నులిపురుగుల మందు ఇచ్చారు: నా అనుభవం

మొత్తానికి మా ఊరి మేత పోరంబోకుకి, అంటే పశువుల మేతకని వదిలిన ప్రభుత్వ భూమికి, హద్దులు పడ్డాయి. మూలమూలనా రాళ్లు పాతారు, పంచనామా మీద సంతకాలయ్యాయి, దాని జిరాక్సు నా దగ్గరుంది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే మర్యాదగా రాసేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

మాది కోనసీమ, వైనతేయ పాయకి దగ్గర్లో ఒక శివారు ఊరు. నాకు సెంటు భూమి లేదు. కౌలుకి చేస్తాను, గేదెలు ఉన్నాయి, పాలకేంద్రానికి పాలు పోస్తాను. ఊళ్లో నాలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. భూమి ఉన్నవాడికి గడ్డిమేటు ఉంటుంది. లేనివాడికి కాలువ గట్టు, మురుగుకోడు గట్టు, ఊరి బీడు. మా గొడవంతా ఆ బీడు గురించే.

డెల్టా అంటే నీళ్లే నీళ్లని బయటివాళ్లు అనుకుంటారు. ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే నీళ్లు వరికి. మా మేత బీడు మెరక మీద ఉంది, దానికి కాలువా లేదు, బోదే లేదు. వానొక్కటే దిక్కు. 2023 ఆగస్టు గుర్తుంది కదా, దేశం మొత్తం మీద 1901 నుంచి ఏ ఆగస్టులోనూ అంత తక్కువ వాన పడలేదు. గోదావరిలో నీళ్లున్నాయి కాబట్టి మా సార్వా వరి నిలబడింది. బీడు మాత్రం ఎండిపోయింది. రోడ్డుకి ఇటు పచ్చటి చేను, అటు మాడిపోయిన గరిక. కారులో వెళ్లేవాళ్లు ఇటే చూసి ఫొటోలు తీసుకుని పోయారు.

గరిక మొండిది. వేరు బతికుంటే ఒక్క వానకి లేస్తుంది. కానీ మేత లేని ఏడాదే పశువులన్నీ ఆ కాస్త చోటే రోజంతా తిరుగుతాయి. మోసు, అంటే కొత్త చిగురు, వచ్చిందే చాలు, కొరికేస్తాయి. ఆకు ఉంటేనే కదా వేరుకి బలం. గేదె నాలుకతో చుట్టి లాగుతుంది, పొట్టి గడ్డి దానికి అందదు. దాని వెనక వచ్చిన మేకలూ గొర్రెలూ మొదలంటా గీకేస్తాయి. సంక్రాంతి నాటికి నల్లమట్టి కాలు దిగేటంత నెర్రెలిచ్చింది. మధ్యలో మిగిలినవి పశువు మూతి పెట్టని వయ్యారిభామ, సర్కారు తుమ్మ. గడ్డి ఖాళీ చేసిన చోటల్లా ఆ రెండూ పాగా వేశాయి.

పోనీ ఎండుగడ్డి ఉందా అంటే, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను వానకి కోసిన వరి పనల మీదే నానిపోయింది. బూజు గడ్డి వేస్తే గేదె ముక్కు చీదేసింది. మిషను కోసిన చేలల్లో గడ్డి ముక్కలు ముక్కలై ఎలాగూ సగం దక్కదు. బాగున్న గడ్డి ట్రాక్టరు లెక్కన ఎక్కడికో పోతుంటే చూస్తూ నిలబడ్డాం. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక ఇంకో నరకం. గేదెకి చెమట పెద్దగా పట్టదు, ఒళ్లు నల్లన, నీళ్లలో పడుకుంటేనే దానికి ప్రాణం. కాలువలో బురద కూడా లేదు. పాయలో నీళ్లేమో పైనుంచి ప్రవాహం తగ్గేసరికి సముద్రపు పోటుతో ఉప్పగా అయ్యాయి. నెలల తరబడి పచ్చిమేత లేకపోతే విటమిన్ ఏ తగ్గిపోయి ఎద కూడా సరిగ్గా రాదని పశువుల డాక్టరు గారు చెప్పారు. మా రెండు గేదెల విషయంలో అదే జరిగింది.

ఇక్కడ ఒక్క ముక్క, ఎవరి ప్రాణమైనా కాపాడుతుందని. నీళ్లు చాలక వాడిన లేతజొన్న పశువుకి వేయకండి. అందులో సైనైడ్ విషం ఉంటుంది. మా వీధిలో ఒకాయన బోరు కింద జొన్న చల్లాడు, బోరు ఆగిపోయింది, ఎండిపోతోంది కదా వృథా ఎందుకని మోకాలెత్తు పైరు కోసి వేశాడు. కాసేపటికే గేదె నురగలు కక్కుతూ కూలబడింది. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేస్తే బండి వచ్చింది, విరుగుడుగా నరానికి థయోసల్ఫేట్ ఎక్కించారు కాబట్టి లేచింది. ఎండుగడ్డి ఉన్నవాళ్లు వంద కిలోలకి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి దూరకుండా టార్పాలిన్ కప్పి మూడు వారాలు మాగబెట్టండి. కప్పు తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయండి. బూజు గడ్డికి మాత్రం ఇది వైద్యం కాదు.

ఇక అసలు సంగతి. మా మేత పోరంబోకు పెద్దవాళ్లు చెప్పినంత లేదు. తూర్పు పక్క ఎప్పుడో రొయ్యల చెరువు అయిపోయింది. వానలు బాగున్న ఏళ్లలో ఎవరూ అడగలేదు. ఉన్నదాంట్లోనే గడ్డి దొరికేది. గడ్డి పోయాకే అందరికీ కొలతలు గుర్తొచ్చాయి. పైగా చెరువు ఉప్పు ఊటకి పక్కనున్న గరిక కూడా తెల్లబడి చచ్చిపోతోంది. హద్దులు తేల్చి, ఆక్రమణ తీసి, తుమ్మ కొట్టించి, ఆ నేలని మేతకి వదలమని అడుగుదామని బయలుదేరాను.

పంచాయతీ తీర్మానం సులువుగానే అయింది, సర్పంచ్ గారికీ గేదెలున్నాయి. గ్రామ సచివాలయంలో కాగితం తీసుకుని రసీదు కూడా ఇచ్చారు. తర్వాత మండల ఆఫీసు.

సోమవారం అర్జీల రోజు వెళ్లాను. నా కాగితంలో మొదటి మాట "కరువు వల్ల" అని ఉంది. కౌంటర్లో ఉన్నాయన దాన్ని గదంతా వినబడేలా చదివాడు. "ఏమండోయ్, విన్నారా, కోనసీమలో కరువొచ్చిందంట!" అందరూ నవ్వారు. పక్క టేబుల్ ఆయన "అనంతపురం వాళ్లకి కబురు పెట్టండి, చందాలేసుకుని వస్తారు" అన్నాడు. మళ్లీ నవ్వు. నా వెనక లైన్లో నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. వాళ్లలో ఇద్దరు మా ఊరివాళ్లే, ఆ బీడులోనే పశువుల్ని తోలేవాళ్లు.

"ఏ పంట పోయిందయ్యా?" అన్నాడు.

"పంట కాదండి, గడ్డండి."

"గడ్డి పంటెలా అవుద్ది?"

"అందుకే పంట కాదన్నానండి."

దానికి అతనికి కోపం వచ్చింది. ప్రభుత్వం ప్రకటించిన 103 కరువు మండలాల జాబితాలో మా మండలం ఉందేమో చూపించమన్నాడు. లేదు. గోదావరి డెల్టాలో ఒక్క మండలమూ లేదు. ఎందుకుంటుంది? పైరు పచ్చగా నిలబడింది కదా, కాలువ లేని మెరక మీద గరికని లెక్కేసేదెవరు? నేను ఊరుకోలేదు. నందన కరువు 1832, 33లో వచ్చిందనీ, ఈ గడ్డ కూడా అప్పుడు ఆకలికి మాడిందనీ, ఆ తర్వాతే కాటన్ దొర ఇక్కడికొచ్చాడనీ, 1852లో ఆనకట్ట పూర్తయ్యాకే మనకీ పచ్చదనమనీ గడగడా చెప్పాను. పదో తరగతి దాకానే చదివాను గానీ ఈ విషయాల్లో నన్ను ఎవరూ పట్టలేరు. ఆయన "సర్లే, శాఖ ఏం పెట్టమంటావ్?" అన్నాడు. రెవెన్యూ అన్నాను, భూమి హద్దు కదా. ఆయన కంప్యూటర్లో కిందికి పైకి తిప్పి, మేత అనే మాట ఎక్కడా కనబడక, "గడ్డి తినేది పశువులే కదా" అని పశుసంవర్థక శాఖకి పంపేశాడు.

వారం తిరక్కుండా మా ఇంటికి పశుసంవర్థక సహాయకుడు వచ్చాడు. మంచి కుర్రాడు. చేతిలో నులిపురుగుల మందు సీసా. "అన్నా, నన్ను ఏం చేయమంటారు, అర్జీ నా లాగిన్‌లో పడింది. గేదెలు బక్కచిక్కాయని రాశారట" అన్నాడు. భూమి సంగతి చెప్పాను. నవ్వి, అది తన చేతిలో లేదని, మందు తాగించి, నన్నూ గేదెనీ సీసానీ కలిపి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోలో గేదె ముఖమే నయం. సాయంత్రానికి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. మర్నాడు ఒక ఆడగొంతు రికార్డింగ్ ఫోన్ చేసి, సంతృప్తి చెందితే ఒకటి నొక్కమంది. రెండు నొక్కాను. అర్జీ మళ్లీ తెరుచుకుంది. మళ్లీ అదే లాగిన్‌లో పడింది. మళ్లీ అదే కుర్రాడు వచ్చాడు. ఈసారి లవణ మిశ్రమం ప్యాకెట్. మళ్లీ ఫొటో, మళ్లీ పరిష్కారం. మా ఆవిడ అయితే ఇంకోసారి రెండు నొక్కండి, దాణా బస్తా వస్తుందేమో చూద్దాం అంది. ఊళ్లో నా పేరు నులిపురుగుల బాబాయ్ అయిపోయింది. పాలకేంద్రం దగ్గర పిల్లలు కూడా అలాగే పిలిచేవారు.

ఇలా మూసేసిన అర్జీలెన్నో ఆ కంప్యూటర్లో లెక్కకి పరిష్కారాలుగా ఉండి ఉంటాయి. పైవాళ్లు ఆ లెక్కలు చూసి చప్పట్లు కొట్టుకుంటారు. ఈలోగా 2024 మార్చి 16న ఎలక్షన్ కోడ్ వచ్చింది. ఇక ఏది అడిగినా ఒకటే జవాబు, కోడ్. చెట్టు కొట్టమంటే కోడ్, కాగితం నకలు ఇమ్మంటే కోడ్. గేదె ఈనాలన్నా కోడ్ అయిపోయాకే ఈనాలేమో.

ఆ ఖాళీలో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మండల స్థాయిలో ఫీజు ఐదు రూపాయలే. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. అప్పీలు దాకా వెళ్లాకే కాగితం కదిలింది. ఊరి భూముల పాత రికార్డు, ఆర్.ఎస్.ఆర్ అంటారు, దాని నకలు చేతికొచ్చింది. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎదురుగా స్పష్టంగా మేత పోరంబోకు అని ఉంది. తమాషా ఏమిటంటే, రీసర్వేలో ఈ భూమికి పాత సర్వే నంబరు బదులు కొత్తగా ఎల్‌పీఎం నంబరు ఇచ్చారు, అందులో ఉత్త ప్రభుత్వ భూమి అని ఉంది, మేత అన్న మాట ఎగిరిపోయింది. విస్తీర్ణం కూడా తగ్గింది, చెరువు మేరకి సరిగ్గా. ఎలా తగ్గిందో అడిగితే రోవర్ (శాటిలైట్ సిగ్నల్ పట్టి భూమి కొలిచే యంత్రం) అలా చూపించిందండీ అన్నారు. రోవర్‌కి చెరువు గట్టు ఎవరు చూపించారో మరి.

ఎన్నికలయ్యాక కొత్త అర్జీ రాశాను. కరువు అన్న మాట లేదు, గడ్డి లేదు, గేదె లేదు. "ప్రభుత్వ భూమి ఆక్రమణ, హద్దుల నిర్ధారణ" అని పైన రాసి, పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన పెట్టి, గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించమని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జత చేశాను. అదే కౌంటర్, అదే మనిషి. ఈసారి పైకి చదవలేదు. రెవెన్యూకి వెళ్లింది. మీలో ఎవరికైనా ఇలాంటి పని పడితే పశువు పేరే ఎత్తకండి. ఆకలి సంగతి రాస్తే అక్కడ ఎవరికీ అర్థం కాదు, నంబరు రాస్తే అర్థమవుతుంది. ఒరిజినల్ నకలు కౌంటర్లో ఇవ్వకండి, జిరాక్సు ఇచ్చి ఒరిజినల్ చూపించండి. ఆఫీసు బయట అర్జీలు రాసిపెట్టేవాళ్లకి డబ్బులివ్వకండి, వాళ్లూ కరువు అనే మొదలుపెడతారు.

సర్వే రోజు రోవర్ కర్ర పట్టుకుని కుర్రాళ్లు వచ్చారు. చెరువు తాలూకు మనుషులు కూడా వచ్చి, పాత రాయి అంటూ ఏదీ లేదని వాదించారు. మా ఊళ్లో జీవాలు కాసే పెద్దయ్య ఒకాయన ఉన్నాడు. మాట్లాడకుండా తుమ్మ పొద దగ్గరికి నడిచి, గునపంతో వేళ్లు పెళ్లగించి, జానెడు లోతులో రాయి బయటపెట్టాడు. మట్టి తుడిచి ఉమ్మి రాసి రుద్దితే పాత సర్వే రాళ్ల మీద ఉండే బాణం గుర్తు తేలింది. ఆ రాయి మీద రోవర్ పెడితే పాత పటానికి బెత్తెడు తేడా కూడా రాలేదు. సర్వేయరు గారే "భలే ఉన్నావు తాతా" అన్నారు. చెరువు సగానికి పైగా మా బీడులోనే ఉంది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద చెరువు యజమానికి సెక్షన్ 7 నోటీసు వెళ్లింది. ఆయన జవాబుకి గడువు అడిగాడని విన్నాను. కోర్టుకి కూడా వెళ్తాడంటున్నారు, వెళ్లనివ్వండి, బాణం గుర్తుతో సహా రాయి ఫొటో నా ఫోన్లో ఉంది.

చెరువు కాని మేర పంచాయతీ జేసీబీ పెట్టి తుమ్మ తీయించింది. వేళ్లతో తీయించాం, లేకపోతే పిలకలు కట్టలు కట్టలుగా వస్తాయి. జూన్ వానలకి నేల మీద పచ్చటి నూగు కనబడగానే జనం పశువుల్ని విప్పేశారు. అక్కడ మళ్లీ గొడవ. ఎండకి మాడిన వేరు మిగిలిన కాస్త బలంతో తొలి మోసు వేస్తుంది, అది కూడా కొరికిస్తే గడ్డి శాశ్వతంగా పోతుంది, జానెడు ఎత్తు వచ్చేదాకా ఆగండి అని చెప్పినవాడు ఎవరనుకున్నారు? నులిపురుగుల మందు కుర్రాడే. పాపం వాడికి అన్నీ తెలుసు, లాగిన్లోనే ఆ సంగతి రాయడానికి చోటు లేదు.

తప్పుచోట మేసిన పశువుల్ని కట్టేసే బందెలదొడ్డి గోడలు కూలి ఎన్నాళ్లయిందో, కాబట్టి జరిమానాల మాట ఎత్తలేదు. బీడుని కర్రలు పాతి రెండు ముక్కలు చేశాం. ఒక ముక్క మేస్తే ఒక ముక్క ఆగాలి. ఇంటికో వంతు. మేకలకి వేరే గట్టు. వంతుల జాబితా పంచాయతీ గోడకి అంటించాం. ఆ రోజు లైన్లో నవ్విన ఇద్దరూ నిన్న పొద్దున్నే మా ఇంటికి వచ్చి, మొదటి వంతు మాకివ్వు బావా అని అడిగారు. జాబితాలో వాళ్ల పేర్లు ఆఖర్న ఉన్నాయి. జాబితా రాసింది నేనే.