మా వాడి ఫారంలో నా జవాబులు

మా బాబుకు నాలుగేళ్లప్పుడు హన్మకొండలో ఒక థెరపిస్ట్ మేడం దగ్గరికి తీసుకెళ్లాం. ఆటిజం ఉందేమో చూడ్డానికి ఆమె ఒక ఫారం ముందు పెట్టుకుని, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా, కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకుంటాడా, బొమ్మలు వరుసగా పేరుస్తాడా అని అడుగుతోంది. నా భార్య జవాబు చెబుతుంటే మా అమ్మ మధ్యలో అందుకుంది: "వీడు గూడ చిన్నప్పుడు గిట్లనే ఉండె మేడం." అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే సగం ప్రశ్నలకు లోలోపల నా జవాబులు చెప్పుకుంటున్నాను.

నేను ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు తూకం, ధర ఎక్కించే చీటీలు రాస్తాను. అంకెలతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు, మనుషులతోనే. మిర్చి సీజన్‌లో యార్డంతా ఎర్ర బస్తాలు, పొద్దున్నే జెండా పాట వేలం, హమాలీల కేకలు, ముక్కు పగిలే ఘాటు. మధ్యాహ్నానికి తల దిమ్మెక్కిపోయేది. ధర పడిపోయిందని రైతు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏం మాట్లాడాలో తెలియక కాగితం వైపే చూసేవాణ్ని. నాకు పొగరని పేరొచ్చింది. ఇంటికొస్తే బాబు అరుపులు. బాత్‌రూంలో నల్లా విప్పి ఆ నీళ్ల చప్పుడులో కూర్చునేవాణ్ని.

వాడికి ఆటిజం అని తేలిన ఏడాదికి నేను పడిపోయాను. రాత్రి మూడింటికే మెలకువ. అన్నం సయించదు. ఒకరోజు తక్‌పట్టీలో 42 బస్తాలకు 24 అని రాశాను. ఆ సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుంటే, నేను లేకుంటేనే వీళ్లకు నయమేమో అనిపించింది. భయమేసింది. ఇంటికెళ్లి నా భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. తను ఏడవలేదు, తిట్టలేదు. వెంటనే 14416కి ఫోన్ చేసింది. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. మరుసటి రోజే సైకియాట్రిస్టును కలిశాం.

తొమ్మిది ప్రశ్నల ఫారంలో నాకు 27కి 19 వచ్చింది. డిప్రెషన్ అన్నారు. మాత్ర మొదలుపెట్టిన వారం కడుపులో తిప్పింది, మానేద్దామనుకున్నాను. నాలుగో వారంలో ఒకరోజు తెల్లారి ఐదు దాకా నిద్రపోయాను. ఆ సంతోషం నిద్ర పట్టనివాళ్లకే తెలుస్తుంది.

కాస్త తేరుకున్నాక, బాబు ఫారం ప్రశ్నలకు నేను లోలోపల జవాబులు చెప్పుకున్న సంగతి డాక్టరుకు చెప్పాను. ఆమె 50 ప్రశ్నల ఇంకో ఫారం ఇచ్చారు. దాన్ని కేంబ్రిడ్జ్‌లో ఆటిజం పరిశోధకుడు సైమన్ బారన్‌కోహెన్ బృందం 2001లో వెలువరించింది. 32 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆటిజం లక్షణాలు బాగా ఉన్నట్టు, అంతేగానీ దాంతోనే ఆటిజం అని తేల్చరు. నాకు 34. ఆటిజం పిల్లల తల్లిదండ్రుల్లో ఇలాంటి లక్షణాలూ, డిప్రెషనూ రెండూ ఎక్కువగానే కనిపిస్తాయని చెప్పారు. రోజంతా నలుగురిలా ఉండాలని తంటాలు పడితే మనసు అలసిపోదా అన్నారు. నలభై ఏళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఇప్పుడు సీజన్‌లో చెవుల్లో దూది పెట్టుకుంటాను. మధ్యాహ్నం అరగంట ఖాళీ గోనెల గదిలో ఒక్కణ్నే కూర్చుంటాను. సేటుకు చెప్పే చేస్తున్నాను. మాత్ర ఇంకా నడుస్తోంది.

ఒక బాకీ మాత్రం మిగిలింది. ఫోన్ చేతికిచ్చి పిల్లగాణ్ని పాడుచేసిందని మావాళ్లు రెండేళ్లుగా నా భార్యను అంటూనే ఉన్నారు. ఫోల్‌స్టీన్, రట్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 1977లోనే 21 కవల జంటలను చూసి, ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర పెద్దదని చూపించారు. సద్దుల బతుకమ్మకు అందరూ ఇంట్లో ఉండగా చెప్పేశాను: "ఫోన్ వల్ల కాదు. వస్తే నా దిక్కు నుంచే వచ్చి ఉంటది. ఇంకెవరూ ఆమెను అనొద్దు."

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ తంగేడు పూలు పేరుస్తూ ఆగిపోయింది.

"మీ బాపు గూడ గంతే బిడ్డా. పొద్దంత ఒడ్డు మీద రాళ్లు వరుసగ పేర్సుకుంట కూసునేటోడు. నాతోని మాట్లాడకపోతుండె. నా మీద ఇష్టం లేదేమో అనుకున్న, ఇన్నేండ్లు."